క్షయక్రిమి విడుచు నూనె జాడ

వెన్న కాచునపుడు గృహిణి గిన్నెయొద్దకు వంగి వాసన చూచును. వెన్న పులిసినదో, నేయి మాడినదో ఆమెకు క్షణములో తెలియును. పొరుగింట పొయ్యిమీద మూకుడు పెట్టినచో, అది వేరుసెనగ నూనెయో నువ్వుల నూనెయో తమ యరుగుమీద కూర్చుండియే చెప్పగల యవ్వలు మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో నేటికిని గలరు. నూనెకు నూనెకు గుణము వేఱు, వాసన వేఱు అను సంగతి మన స్త్రీలకు మఱియొకరు నేర్పవలసినది కాదు.

ఈ సంగతినే ఆధారముగా గొని వైద్యశాస్త్రజ్ఞులు ఒక గొప్ప పని చేసిరి. రోగములను గలిగించు సూక్ష్మజీవులకును తమతమ కొవ్వులు గలవు. మన దేహములో లేని కొవ్వు, ఆ క్రిమికి మాత్రమే చెందిన కొవ్వు, రోగి కఫములోనో మఱియొక ద్రవములోనో దొరకెనేని క్రిమి కంటబడకున్నను అది అచ్చట నున్నదని చెప్పవచ్చును. ఇట్టి కొవ్వులను విడదీసి చూపు సాధనమునకు గ్యాస్ క్రొమటోగ్రఫీ యని పేరు. 2024లో తిరుమల లడ్డు నేతిని గూర్చి వివాదము రేగినపుడు, ఆ నేతిని గుజరాతులోని ఆనందు పట్టణపు ప్రయోగశాలకు పంపిన సంగతి పత్రికలలో చదివియుందురు. నేతిలోని కొవ్వులను విడదీసి చూచుటకు అట్టి ప్రయోగశాలలలో వాడునది ఈ సాధనమే. పేరు పెద్దదియే గాని, పని మన అవ్వ ముక్కు చేయు పనియే.

ఈ నెల దీనిని గూర్చి సోదరీమణులకు చెప్పదలచితిమి. ఇది వట్టి వింతగా తెలిసికొనవలసిన విషయము కాదు. దీనితో ముడిపడిన రోగము క్షయ. ఆ రోగము విషయమున మన యిండ్లలో జరుగు ఒక చిన్న పొరపాటు పసిప్రాణములకు ముప్పు తెచ్చుచున్నది.

పలకల సీమలో దగ్గు

మార్కాపురమనగానే చెన్నకేశవస్వామి కోవెల తరువాత జ్ఞప్తికి వచ్చునది పలక. ఈ తాలూకాలు 1970లో ప్రకాశము జిల్లా యేర్పడువఱకు కర్నూలు జిల్లాలో నుండెను. జిల్లా మాఱినను పలక పేరు మాఱలేదు. తెలుగు బిడ్డలు అక్షరములు దిద్దుకొనిన నల్లపలకలలో ఎన్నియో ఈ సీమ రాతిగనులనుండి వచ్చినవే. నోటుపుస్తకములు, ప్లాస్టిక్ పలకలు వచ్చిన పిమ్మట బడిపలకకు గిరాకి తగ్గినది. అయినను రాతిని నేలకును గోడలకును వలసిన బిళ్లలుగా కోయు పని సాగుచున్నది. ఈ పనిలో స్త్రీలును చాలమంది గలరు.

రాయి కోయునపుడును, అరుగదీయునపుడును సన్నని ధూళి లేచును. అందు సిలికా యను పదార్థముండును. అది యేండ్లతరబడి ఊపిరితిత్తులలో పేరుకొనినచో, అట్టివారికి క్షయ సోకు అపాయము ఇతరులకంటె మిక్కిలి హెచ్చు. చిక్కేమనగా, ధూళివలని దగ్గేదో క్షయవలని దగ్గేదో ఇంటివారు వేఱుపఱుపలేరు.

ఒక సంసారమును మనసున ఊహించుకొందము. అవ్వ పలకల కార్ఖానాలో పని చేయును. రెండు నెలలుగా దగ్గు.

"రాతిదుమ్ము దగ్గేలే, కోడలా! బెల్లపుముక్క నోట వేసికొంటే పోతుంది" అని ఆమె మాట.

కోడలు పట్టుబట్టి ఆసుపత్రికి తీసికొనిపోయినది. కఫమును సూక్ష్మదర్శినితో చూచి, క్రిములు కానరాలేదని చెప్పిరి. మరల రమ్మనియు చెప్పిరి గాని, ఆ రెండవమాట ఎవరి చెవిని పడలేదు. "క్రిములు లేవట!" అని ఇంటిల్లిపాదియు సంతోషించిరి. మూడు మాసములు గడచెను. అవ్వ ప్రక్కలో పండుకొను నాలుగేండ్ల మనుమరాలికి జ్వరము, తలనొప్పి, వాంతులు మొదలాయెను. దిష్టి తీసిరి. తాయెత్తు కట్టిరి. బిడ్డ ఆటలు మాని, పిలిచినను పలుకక మత్తుగా పడియుండసాగెను.

ఇది మేము కల్పించినదే యైనను, ఇట్లు జరుగుటకు వీలులేదని ఎవరును చెప్పజాలరు. ఇందు తప్పు ఆసుపత్రివారి మాటలో లేదు. "కానరాలేదు" అన్న మాటను మనము "లేవు" అని మార్చుకొనుటలో నున్నది. ఆ రెండు మాటలకును నడుమ ఎంత దూరమున్నదో తెలిసికొన్నచో, శాస్త్రజ్ఞులు క్రిమిని విడిచి దాని నూనెజాడను వెదకుట కేల పూనుకొనిరో బోధపడును.

కన్ను చూడగలిగినంత

క్షయక్రిమిని మొట్టమొదట లోకమునకు చూపినవాడు జర్మనీ దేశపు వైద్యుడు రాబర్ట్ కాక్. ఆయన బెర్లిన్ నగరమున 1882 మార్చి 24వ తేదీని ఈ సంగతి ప్రకటించెను. అందుచేతనే నేటికిని మార్చి 24 ప్రపంచ క్షయదినముగా జరుపబడుచున్నది. నాటినుండి గాజుపలకపై కఫము పూసి, రంగు పట్టించి, సూక్ష్మదర్శినితో చూచుట వాడుకలోనికి వచ్చెను. ఈ పరీక్ష చవుక, శీఘ్రము. కాని దానికొక హద్దు గలదు. ఒక మిల్లీలీటరు కఫములో, అనగా ఇంచుమించు ఇరువది చుక్కలలో, అయిదువేలు మొదలు పదివేల క్రిములుండిననే గాని అవి కంటబడవు. వేయి క్రిములున్న రోగికిని "కానరాలేదు" అనియే వ్రాసి యిత్తురు.

తక్కువ క్రిములున్నపుడు వానిని పోషకపదార్థముపై పెంచి చూచుట మఱియొక పద్ధతి. మనము పాలలో తోడువేసినచో తెల్లవాఱునప్పటికి పెఱుగు తోడుకొనును. కొన్ని సూక్ష్మజీవులు ఇరువది నిమిషముల కొకసారి రెండింతలగును. క్షయక్రిమి రెండింతలగుటకు ఇంచుమించు ఒక దినము పట్టును. అందుచేత అది పెరిగి కంటికి ఆనుటకు ఆఱు మొదలు ఎనిమిది వారములు గావలెను.

పెద్దవారి దగ్గు విషయమున ఆ వారములు ఎట్లో గడపవచ్చును. మెదడు పొరలకు క్షయ సోకిన బిడ్డ కంత వ్యవధి యుండదు. ఈ రోగమున వైద్యులు నడుము వెన్నునుండి సూదితో కొంచెము ద్రవము తీసి పరీక్షింతురు. అందు క్రిములు మిక్కిలి తక్కువగా నుండును. సూక్ష్మదర్శినికి తఱచుగా చిక్కవు. పెంచి చూతమన్న ఫలితము వచ్చునప్పటికి బిడ్డ చేయి దాటిపోవచ్చును. బ్రతికినను చూపో, వినికిడియో, కాలుచేతులో చెడవచ్చును. ఈ బిడ్డలకొఱకే శీఘ్రమైన గుర్తు కావలసివచ్చెను.

నల్లపూసల దండకు ఒక లోలకు

క్షయక్రిమి ఒక మైనపు కవచమును తొడుగుకొన్న జీవి. దాని పై గోడలో కొవ్వుపదార్థములే హెచ్చుభాగము. ఆ మైనమే దానికి రక్ష. ఎండినను అది వెంటనే చావదు. మందులు లోపలికి సులభముగా చొరవు. ఒకసారి పట్టిన ఎఱ్ఱరంగు ఆమ్లముతో కడిగినను పోదు. ఇంత రక్షణ గల కవచమే తుదకు దాని గుట్టు బయటపెట్టినది.

అమెరికా దేశమున యేల్ విశ్వవిద్యాలయములో ఆండర్సన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఈ క్రిమి కొవ్వులను ఏండ్లతరబడి పరిశోధించెను. ఆయనయు, ఆయనయొద్ద పనిచేసిన చార్గాఫ్ అను యువకుడును 1929లో అందొక వింత ఆమ్లమును గుర్తించిరి. దానికి ట్యుబర్క్యులోస్టియరిక్ ఆమ్లమని పేరు పెట్టిరి.

పేరు పలుక కష్టమే గాని రూపము సులభము. మన నేతిలోను, మన దేహపు కొవ్వులోను స్టియరిక్ ఆమ్లము గలదు. అది పదునెనిమిది కర్బనపు పూసలు వరుసగా గుచ్చిన దండ. క్షయక్రిమి కొవ్వులోని దియు అట్టి పదునెనిమిది పూసల దండయే. కాని పదియవ పూసకు చిన్న లోలకువలె మఱియొక పూస వ్రేలాడుచుండును. మన దేహము అట్టి దండను గుచ్చనేరదు. కావున మనిషి వెన్నుద్రవములో లోలకు గల దండ దొరకినచో దానిని ఎవరో బయటివారు తెచ్చి పడవేసిరని అర్థము.

సుద్దముక్కతో ఒక పరీక్ష

కోట్లకొలది సాదా దండలలో ఈ లోలకు దండను ఏరుట యెట్లు? ఈ మర్మమును మీ పిల్లలతో కలిసి ఇంటనే చూడవచ్చును. ఒక సుద్దముక్క తీసికొని, అడుగునకు అంగుళము పైగా నల్లని స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టుడు. పళ్లెములో అరంగుళము మించకుండ నీరు పోసి ముక్కను నిలువబెట్టుడు. నీరు సుద్దలో పైకి ప్రాకుచు చుక్కను వెంట తీసికొనిపోవును. కొంతసేపటికి నల్లగా నున్న చుక్క నీలము, ఎఱుపు, పసుపు వంటి రంగులుగా విడిపోవుట చూతురు. నలుపులో ఇన్ని రంగులు దాగియున్నవని అంతవఱకు కన్ను చెప్పలేదు.

ష్వెట్ అను రష్యా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు 1903లో వార్సా నగరమున వెల్లడించిన విద్య యిదియే. ఆయన గాజుగొట్టములో సుద్దపొడి వంటి పొడులు దట్టించి ఆకుల పసరు పోసెను. పచ్చదనము పలు రంగుల పట్టీలుగా విడిపోయెను. పలకమీద వ్రాయు సుద్దకు ఇంతటి శాస్త్రము తోడైనదని పలకల సీమవారు తెలిసికొనదగును.

నీటికి బదులు వాయువును నడిపించి కొవ్వుల ఆమ్లములను వేఱుచేసి చూపినవారు లండనులో పనిచేసిన జేమ్స్, మార్టిన్ అను శాస్త్రజ్ఞులు. అది 1952వ సంవత్సరము. ఆ యేడే మార్టిన్‌కును, ఆయన పూర్వపు సహచరుడు సింజ్‌కును క్రొమటోగ్రఫీలో అంతకుముందు చేసిన కృషికి నోబెల్ బహుమానము లభించెను.

నేటి యంత్రములో ముప్పది మీటర్ల పొడవు గల సన్ననిగొట్టము చుట్టగా చుట్టబడి, పొయ్యివంటి పెట్టెలో నుండును. దాని లోపలి వెడల్పు మిల్లీమీటరులో నాలుగవవంతే. లోపలి గోడకు పలుచని పూత యుండును. కొవ్వు ఆమ్లములను ముందుగా మిథనాలుతో కలిపి తేలికగా ఆవిరియగునట్లు చేసి, హీలియము వంటి వాయువుతో ఆ గొట్టములోనికి పంపుదురు.

తరువాత జరుగునది తిరునాళ్లలో జరుగునదియే. పదిమంది స్త్రీలు ఒక్కసారిగా అంగళ్ల వీథిలో ప్రవేశించిరనుకొందము. ఒకతె గాజుల కొట్టుకడ ఆగును. ఒకతె రిబ్బనులు బేరమాడును. ఒకతె ఎచ్చటను నిలువక తిన్నగా గుడికి పోవును. బయలుదేరునపుడు గుంపుగా నున్నను, చేరునపుడు ఒక్కొక్కరుగా చేరుదురు. అట్లే ప్రతి కొవ్వును గొట్టపు పూతకడ తన స్వభావము ననుసరించి ఆగియాగి, తనకు నియతమైన నిమిషమున ఆవలిగట్టు చేరును. చేరగానే యంత్రము కాగితముపై ఒక శిఖరము గీయును. ఏ నిమిషమున ఏ శిఖరము లేచెనో చూచి వచ్చినవా రెవరో చెప్పవచ్చును. అనుమానము తీఱుటకు గుమ్మముకడ వారిని తూచి చూచు మఱియొక యంత్రమును తగిలింతురు. గ్రామును నూఱుకోట్ల భాగములు చేసినచో అందొక భాగముకంటె తక్కువైనను ఇది పసికట్టగలదు.

స్వీడనులోని లుండ్ నగరమున ఓడం, లార్సన్, మార్డ్ అను వారు 1979లో ఈ పద్ధతిచేత క్షయరోగుల కఫములో లోలకు గల దండను చూపిరి. హాంగ్‌కాంగ్ వైద్యులు 1987లో మెదడు పొరల క్షయ సోకిన రోగుల వెన్నుద్రవములో దానిని కనుగొనిరి. వారములు వేచియుండనక్కఱలేకుండ రోగమును పోల్చుకొను మార్గ మున్నదని తేలెను.

ఈ విద్య క్షయకు మాత్రమే పరిమితము కాలేదు. గాలి తగులని లోతైన కురుపులలో పెరుగు క్రిములు కొన్ని, చెడిన వెన్న వాసన గల ఆమ్లములను పుట్టించును. చీమునుండి ఆ ఆమ్లములను యంత్రముతో గుర్తించి, ఎట్టి క్రిములున్నవో ఊహించు పద్ధతియు ఏర్పడెను. ముక్కు "ఇది చెడినది" అని మాత్రమే చెప్పును. యంత్రము ఎంత చెడినదో, దేనివలన చెడినదో అంకెలతో చెప్పును.

మన ఊరి ఆసుపత్రికి ఏల రాలేదు?

ఇంత మంచి సాధనము గిద్దలూరు ఆసుపత్రిలో ఏల లేదని మీరడుగవచ్చును. యంత్రము ఖరీదైనది. శుద్ధమైన వాయువు, ఎడతెగని విద్యుత్తు, నేర్పరియైన రసాయనజ్ఞుడు కావలెను. మఱియొక లోపమును గలదు. లోలకు దండను గుచ్చునది క్షయక్రిమి యొక్కటే కాదు. దాని బంధువర్గములోని మఱికొన్ని క్రిములును గుచ్చగలవు. వెన్నుద్రవములో వానికి తావు అరుదు గాని, నోటిగుండ వచ్చు కఫములో అవి కలియవచ్చును. ఈ కారణములచే ఇది పెద్ద ప్రయోగశాలలనే అంటిపెట్టుకొని యుండెను.

ఇంతలో మఱియొక గుర్తు ముందునకు వచ్చెను. అది క్రిమి వంశలక్షణములను మోయు జన్యుపదార్థము. దానిని పట్టుకొను జీన్ ఎక్స్‌పర్ట్ పరీక్షను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 డిసెంబరులో ఆమోదించెను. మన ఆసుపత్రులలో సీబీనాట్ అని పిలుచునది యిదియే. ఇంచుమించు రెండు గంటలలో ఫలితము చెప్పును. ముఖ్యమైన మందొకదానికి క్రిమి లొంగకున్నచో దానిని గూడ తెలుపును. మన దేశముననే తయారైన ట్రూనాట్ అను చిన్నయంత్రమును ఇట్టి పనికే వాడుచున్నారు. ప్రభుత్వ క్షయ నివారణ కార్యక్రమమున ఈ పరీక్షలకు రుసుము లేదు.

అయినను ఒక్క మాట మఱువరాదు. ఈ క్రొత్త పరీక్షయు మెదడు పొరల క్షయలో కొన్నిసారులు తప్పిపోవును. అందులో "కానరాలేదు" అని వచ్చినంతమాత్రమున రోగము లేదని నిశ్చయింపరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థయే చెప్పుచున్నది. అందుచేతనే వైద్యుడు బిడ్డ వాలకము, ద్రవములోని మార్పులు, ఇంట ఎవరికైన దగ్గున్నదా యను సంగతి కలిపి చూచి మందు మొదలుపెట్టును. ఇంట దగ్గున్న సంగతి చెప్పవలసినవారు తల్లులే. అవ్వ దగ్గును పరువుకొఱకు దాచిన కోడలు బిడ్డకు గల ఒక్క ఆధారమును చెఱిపివేసినదగును.

దాచనేల?

క్షయ యనగానే వెలివేయుదురన్న భయము పెద్దలనాటిది. తెలుగునేలపై మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో క్షయరోగుల ఆశ్రమము తెఱవబడినపుడు, మంచి గాలి, విశ్రాంతి, పౌష్టికాహారము తప్ప ఆ రోగమునకు సూటియైన మందు లేదు. డెన్మార్కు దేశీయుడగు ఫ్రిమోట్ మోలర్ వైద్యుడు అచ్చట ఏండ్లతరబడి సేవ చేసెను. రోగి ఇల్లు విడిచి దూరముగా పోవలసిన కాలమది.

మందులు వచ్చిన పిమ్మట ఆ అవసరము తీఱెను. మదరాసు నగరమున 1956లో మొదలిడిన ప్రసిద్ధ పరిశోధనలో రోగులను కొందఱిని ఆశ్రమమునందును, కొందఱిని ఇరుకిండ్లలోనే యుంచియు మందిచ్చిరి. ఇంటనున్నవారికిని ఇంచుమించు అట్లే నయమాయెను. మందు మొదలుపెట్టిన పిమ్మట, ఇంటిలో నుంచినందువలన కుటుంబమువారికి అదనపు అపాయము కలుగలేదని ప్రకటించిరి. కావున మందు తినుచున్న స్త్రీని పుట్టింటికి పంపవలసిన పనిలేదు. కంచము వేఱుచేయవలసిన పనియు లేదు. మందు తినని దగ్గే భయపడవలసినది.

సోదరీమణులారా, మీరు చేయదగిన పనులు కొన్ని గలవు. ఇంట ఎవరికైన రెండు వారములకు మించి దగ్గున్నచో, సాయంకాలపు జ్వరమో, బరువు తగ్గుటయో, కఫములో రక్తమో కనబడినచో, దుమ్ము దగ్గని సరిపెట్టుకొనక ఆసుపత్రికి పోవలెను. లాలాజలము గాక, తెల్లవాఱుజామున లోతునుండి దగ్గి తీసిన కఫము నీయవలెను. క్రిములు కానరాలేదన్నచో, "తరువాత ఏమి పరీక్ష చేయింపవలెను?" అని అడుగవలెను. బిడ్డకు దినములు గడచినను తగ్గని జ్వరము, తలనొప్పి, వాంతులు, మత్తు, మెడ బిగియుట యున్నచో ఒక్క పూటయు ఆలసింపరాదు. పుట్టగనే వేయు బీసీజీ టీకా పసివారిని ఈ మెదడు రోగమునుండి చాలవఱకు కాపాడును గనుక దానిని మానరాదు. ఒకరికి క్షయ తేలినచో ఇంటివారినందఱిని, ముఖ్యముగా అయిదేండ్లలోపు పిల్లలను, పరీక్ష చేయింపవలెను. రోగము లేనివారికి అది రాకుండ మందిచ్చు పద్ధతియు గలదు. ఊపిరితిత్తుల క్షయకు సాధారణముగా ఆఱు మాసములు మందు తినవలెను. రెండు మాసములకే దగ్గు తగ్గెనని మానరాదు. రోగి పోషణకై ప్రభుత్వము నెలకు 500 రూపాయలిచ్చు పథకము 2018లో మొదలాయెను. 2024 నవంబరునుండి అది 1000 రూపాయలైనది. అడిగి తీసికొనుట తప్పు కాదు.

పలకల కార్ఖానాలలో రాతిని నీటితో తడుపుచు కోసినచో ధూళి తగ్గును. ఈ మాట యజమానులతో స్త్రీలందఱును కలిసి చెప్పినచో బలముండును.

మన యవ్వలు మూకుడు చూడకయే నూనె పేరు చెప్పుదురు. కానరానిదానిని జాడబట్టి పోల్చుట వారికి వెన్నతో పెట్టిన విద్య. శాస్త్రజ్ఞులు ఆ నేర్పుతోనే క్రిమిని వెదకిరి. మన వంతు అంతకంటె సులభమైనది. ఆసుపత్రి చీటిలో "కానరాలేదు" అని యున్నచో దానిని "లేదు" అని చదువకుందుముగాక. ఆ చిన్న జాగ్రత్తచే నాలుగేండ్ల మనుమరాలు మరల అవ్వ ప్రక్కన చేరి పలకపై అక్షరములు దిద్దగలదు.